లే సెక్రటరీ గారి కిటికీ

ఫ్లెక్సీలో మా ఆసుపత్రి పాత లే సెక్రటరీ, మా సార్ తల వెనక సూర్యకిరణాలు పెట్టారు. కింద మూడు బిరుదులు: సేవాశిఖరం, పేదల పెన్నిధి, నిష్కామ కర్మయోగి. ఇంకా కింద, ఆయన ఫొటో కంటే కాస్త చిన్నవిగా, ఫ్లెక్సీ వేయించినవాళ్ళ ఫొటోలు పద్నాలుగు. సభ మొదలయ్యేదాకా చేసే పనేమీ లేక లెక్కపెట్టాను. పెన్షనర్ల సంఘం హాల్లో పదకొండింటికన్న సంస్మరణ సభ పన్నెండుంపావుకి మొదలైంది. ఆయనే ఉండుంటే పదకొండూ పదికల్లా హాజరు పట్టీలో అందరి పేర్లకెదురుగా ఎర్రసిరా గీత పడిపోయేది.

వక్తలు ఆరుగురు. ఆరుగురి నోటా సేవ, సేవ, సేవ. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "ఉద్యోగం పొట్టకూటి కోసం చేశారు, సేవ ఆత్మతృప్తి కోసం చేశారు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నాకక్కడే తిక్క రేగింది. ఇంటికొచ్చి విసుక్కుంటుంటే మా ఆయన, "పోయినాయన్ని నాలుగు మంచి మాటలంటే నీకు కోపం దేనికే?" అన్నారు. దేనికో విడమర్చి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. మా సార్ జీవితంలో చేసిన పెద్ద పనులన్నీ ఆఫీసు టైములో, జీతం తీసుకుంటూ, కింద సంతకం పెట్టి చేసినవి. రిటైరయ్యాక ఇరవై ఏళ్ళు చేసిందాన్ని ఊరంతా సేవ అంటోంది. నా లెక్కలో అది పాత ఉద్యోగమే, ఫ్యాను కింద కాకుండా చెట్టు కింద చేశారంతే. పని ఒక అరలో, సేవ ఒక అరలో పెట్టుకున్నామంటే పని ఎగ్గొట్టేవాడికి ఎంత హాయో ఆలోచించండి. వాడిది సేవ కాదుగా మరి, ఉత్త ఉద్యోగం!

ఆయన హోదా పేరు లే సెక్రటరీ అండ్ ట్రెజరర్. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి నుంచి పెద్దాసుపత్రుల్లో ఉన్న పోస్టు. 'లే' అంటే డాక్టరు కాని మనిషి అని. ఆసుపత్రికి పెద్ద సూపరింటెండెంటు, ఆయన ఎప్పుడూ డాక్టరే. ఆయన తర్వాత ఆర్.ఎం.ఓ., అంటే రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు, ఆయనా డాక్టరే. ఆ పక్కన, కాస్త కిందగా, ఈ డాక్టరు కాని మనిషి. జీతాల బిల్లులు, ట్రెజరీ, స్టోర్సు, డైటు, ధోబీ, క్లాస్ ఫోర్ డ్యూటీలు, ఆడిట్, కోర్టు సమన్లు, పాత మంచాల వేలం, మార్చి 31 లోపు ఖర్చుపెట్టకపోతే మురిగిపోయే బడ్జెట్టు, అన్నీ ఆయన బల్ల మీదకే వచ్చి పడతాయి. "పేరులోనే ఉందమ్మాయ్, ఎవరొచ్చినా లే అని" అనేవారు. నిజమే. ఏ డాక్టరు గదిలోకొచ్చినా ఆయన లేచి నిలబడాల్సిందే.

ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. కోస్తాలో మెడికల్ కాలేజీ ఉన్న ధర్మాసుపత్రుల్లో ఒకటనుకోండి చాలు. ఇందులో వచ్చే కొందరు ఇంకా పింఛను తీసుకుంటున్నారు, కొందరు నాతో రోజూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు చెబుతున్నారు.

నేను చేరింది 1991లో. మా నాన్న అదే ఆసుపత్రిలో ఫార్మసిస్టు. సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం కింద జూనియర్ అసిస్టెంటుగా తీసుకున్నారు. ఇరవయ్యొకటేళ్ళు, బీకాం పాసై ఏడాది, ఇంకా కన్నీళ్ళు ఆరలేదు. ఆర్డరు చేతిలో పట్టుకుని ఆయన గదిలోకి వెళ్తే తలెత్తి, "అమ్మాయ్, కలం తెచ్చుకున్నావా?" అన్నారు. లేదన్నాను. సొరుగు తీసి ఒక రెనాల్డ్స్ ఇచ్చి, "రేపట్నుంచి నీది నువ్వు తెచ్చుకో. ఫైళ్ళ జోలికి ఇప్పుడే వద్దు, పదిహేను రోజులు ఓ.పి. కౌంటర్లో కూర్చో" అన్నారు. మా నాన్న గురించి ఒక్క ముక్క అనలేదు. చాలాకాలం ఆ సంగతి మనసులో పెట్టుకున్నాను కూడా.

ఓ.పి. కౌంటరంటే గోడకి అర్ధచంద్రాకారంలో ఒక కన్నం, దానికి ఇనప ఊచలు, కింద చెయ్యి పట్టేంత సందు. లోపల కుర్చీలో కూర్చున్న మనిషి మొహానికి సరిపోయేలా కట్టారు. అంటే బయట నిలబడ్డ మనిషికి అది నడుం దగ్గర ఉంటుంది. వచ్చినవాళ్ళు వంగాలి, మెడ పక్కకి తిప్పాలి, ఊచల దగ్గర నోరు పెట్టి పేరు, వయసు, ఊరు, జబ్బు అరిచి చెప్పాలి. వెనక రెండొందల మంది వింటుంటారు. నెలలు నిండినవాళ్ళు, గూని ముసలమ్మలు, విరిగిన చెయ్యి మెళ్ళో కట్టుకున్నవాళ్ళు, ఎవరైనా అంతే. లోపల కూర్చున్న నాకు వాళ్ళ మొహాలు సగమే కనపడేవి, గడ్డాలు, చెవిపోగులు, చీర కొంగులు. రెండోరోజుకే తలెత్తడం మానేశాను.

మూడోరోజో నాలుగోరోజో, అలాగే తలొంచుకుని "పేరు?" అన్నాను. చెప్పాడు. రాశాను. "వయసు?" నలభై తొమ్మిది. "ఏం జబ్బు?"

"నడుం నొప్పి. నీ కిటికీ వల్ల."

చూస్తే సార్. భుజం మీద తువ్వాలు, ముప్పావుగంట నించి లైన్లో నిలబడి వచ్చారట.

ఆ వారమే మేస్త్రీ వచ్చాడు. కన్నం అడుగున్నర పైకి జరిపారు. లోపలున్న మాకు ఎత్తు స్టూళ్ళు వేశారు. కాళ్ళు వేలాడి లాగుతున్నాయని మేం గోల చేస్తే, కండెమ్ అయిన మంచాల చెక్కలు కోయించి కాలిపీటలు కొట్టించారు. బిల్డింగు రోడ్లు భవనాల శాఖది. వాళ్ళ అనుమతి లేకుండా ప్రభుత్వ భవనం గోడ పగలగొట్టారని మరుసటి ఏడు ఆడిట్‌లో పేరా, అంటే అభ్యంతరం, పడింది. ఆ పేరాకి ఆయన రాసిన జవాబు నేనే టైపు చేశాను. "రోగి నిలబడి మాట్లాడవలసి యున్నందున" అన్న ఒక్క ముక్క గుర్తుంది. అది డ్రాప్ కావడానికి మూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు చెప్పండి, ఇది సేవా? దీనికి ఎవరైనా శాలువా కప్పుతారా? ఆయన జేబులోంచి ఒక్క రూపాయి పెట్టలేదు. జాలి పడ్డట్టు కూడా కనపడలేదు, ఆ కన్నం ఎత్తు తప్పు కాబట్టి సరిచేశారు, అంతే. ఆ రోజు నుంచి ఆ ఆసుపత్రికొచ్చిన ప్రతి మనిషీ నిటారుగా నిలబడి తన పేరు చెప్పుకున్నాడు. పేదలకి దుప్పట్లు పంచే ఫొటోలు నేను చాలా చూశాను. వాటిలో తీసుకునేవాడు ఎప్పుడూ కాస్త వంగే ఉంటాడు.

రక్తం సంగతి చూడండి. ఆ రోజుల్లో మా గేటు బయట టీ బడ్డీ దగ్గర రక్తం అమ్ముకునేవాళ్ళు కూర్చునేవారు. ఆపరేషనంటే ముందు అక్కడ బేరం. తాగుడు, ఆకలి, పదిహేను రోజులకోసారి రక్తం ఇచ్చి పాలిపోయిన మొహాలు. సుప్రీంకోర్టు 1996 జనవరిలో తీర్పు చెప్పి, రెండేళ్ళలో ఈ అమ్మకం పూర్తిగా ఆగిపోవాలంది. తీర్పు వచ్చాక చాలాచోట్ల "మరి రక్తం ఎక్కణ్ణించి తెస్తాం?" అని చేతులు తిప్పారు. మా సార్ అంతకుముందు నుంచే ఒక పొడుగు రిజిస్టరు కట్టారు. కాలేజీ పిల్లలు, ఆర్టీసీ కండక్టర్లు, బ్యాంకు గుమస్తాలు, పేరు, గ్రూపు, పోయినసారి ఇచ్చిన తేదీ, ఫోన్ నెంబరు. సగం నెంబర్ల పక్కన పి.పి. అని ఉండేది, అంటే పక్కింటివాళ్ళ ఫోను. అర్ధరాత్రి ఓ-నెగెటివ్ కావాలంటే ముందు పక్కింటాయన్ని నిద్రలేపి, బతిమాలి, ఆయన వెళ్ళి వీళ్ళ తలుపు కొట్టి... ఎన్ని తిట్లు తిన్నామో. ఆయన దగ్గర ఒకటే జవాబుండేది, "తిడితే తిట్టాడు, లేచాడుగా."

హెచ్ఐవి రోజులు వేరు. తొంభైల చివర కోస్తా జిల్లాల్లో అది ఎలా ఉండేదో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళకి ఒక్క దృశ్యం. వార్డు చివర వరండాలో ఒక మంచం, మంచం తల దగ్గర కేస్ షీటు మీద ఎర్రసిరాతో మూడక్షరాలు, పది గజాల దాకా ఎవరూ ఉండరు. ఆ రోగి దుప్పట్లు వేరే మూట కట్టి, మూటకి ఎర్రగుడ్డ పీలిక ముడేసి ధోబీకి పంపేవారు. ధోబీ ఆ మూట ముట్టనన్నాడు. అతని తప్పేం లేదు, చదువుకున్నవాళ్ళే ముట్టడం లేదు. డాక్టర్లకి నీతులు చెప్పే హోదా లే సెక్రటరీకి లేదు. అందుకని ఒక సర్క్యులర్ ఇచ్చారు. అన్ని వార్డుల్లో, అందరి దుప్పట్లూ, సూపరింటెండెంటు గారి గదిలో తువ్వాలుతో సహా, ధోబీకి పంపే ముందు బ్లీచింగు నీళ్ళలో నానబెట్టాలి. గ్లౌజులు అందరికీ. వేరే మూటలు కట్టరాదు.

ఎర్రపీలిక అవసరం ఒక్క కాగితంతో పోయింది. ఎవరి రక్తంలో ఏముందో ఎవరికి తెలుసు, అందరి విషయంలోనూ ఒకే జాగ్రత్త అన్న సంగతి యూనివర్సల్ ప్రికాషన్స్ అన్న పేరుతో పాఠ్యపుస్తకాల్లో ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆయనకి అప్పుడు ఆ పేరు కూడా తెలుసో లేదో. బ్లీచింగు ఖర్చు నాలుగింతలైందని స్టోర్సు క్లర్కు నెత్తి కొట్టుకున్నాడు. ఉచితంగా మందులివ్వడం ప్రభుత్వం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్లో. రోగి సంగతి బయటపెట్టకూడదని, వివక్ష చూపకూడదని చట్టం వచ్చింది 2017లో. మా ధోబీ మూటకి అంతకంటే చాలా ముందే న్యాయం జరిగింది.

ఇంతగా పొగిడాను కాబట్టి రెండోవైపు కూడా చెప్పాలి. చెప్పకపోతే నాకూ ఆ ఫ్లెక్సీకీ తేడా ఏముంది?

ఒక ఎం.ఎన్.ఓ., అంటే మేల్ నర్సింగ్ ఆర్డర్లీ, స్ట్రెచరు తోసినందుకు పది రూపాయలు అడిగాడు. ఫిర్యాదు వచ్చింది. సార్ విచారించారు, అతను ఒప్పుకున్నాడు, సస్పెన్షను. ఇంట్లో ముగ్గురు పిల్లలు, భార్యకి క్షయ. మేమంతా వెళ్ళి అడిగాం, మందలించి వదిలేయమని. "పది రూపాయలిచ్చినవాడి ఇంట్లో ఎంతమంది పిల్లలో కనుక్కున్నారా?" అన్నారు. జవాబు బాగానే ఉంది. కానీ అదే నెలలో, పొద్దున తొమ్మిదింటికి రావాల్సిన పెద్దలు పదకొండింటికొచ్చి ఒంటిగంటకి సొంత క్లినిక్కులకి వెళ్ళిపోతుంటే ఆయన కలం కదల్లేదు. నేను మొహమ్మీదే అడిగాను. చాలాసేపు బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. "నా సిరా అంతవరకే పారుతుందమ్మాయ్" అన్నారు.

ఆ జవాబు నాకప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. నిబంధన కిందివాడి మెడ మీద మాత్రమే పడే కత్తి అయితే దాన్ని అంత నిష్ఠగా పట్టుకోవడం గొప్పా? ఆ ఎం.ఎన్.ఓ. నాలుగు నెలల తర్వాత తిరిగి చేరాడు. సార్‌తో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. సంస్మరణ సభకి వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో నేను అడగలేదు.

మార్చురీ సంగతి చెప్పాలంటే 1977కి వెళ్ళాలి. ఆ నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తింది. వేలమంది పోయారు. అప్పటికి ఆయన గుమస్తా. సహాయక బృందంతో పాటు అవనిగడ్డ వైపు డ్యూటీ వేశారు, చనిపోయినవాళ్ళ జాబితా రాసే పని. దాని గురించి ఎవరెంత అడిగినా ఆయన రెండే మాటలు చెప్పేవారు. రాసిన పేర్ల కంటే రాయలేకపోయినవి ఎక్కువ. మూడోరోజు నుంచి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. అంతే. తర్వాత టీ తాగేవారు.

అందుకేనేమో, మా మార్చురీకి వచ్చే గుర్తుతెలియని శవాల రిజిస్టరు విషయంలో మాత్రం ఆయన మూర్ఖంగా ఉండేవారు. "మగ, సుమారు 40" అని రాసి వదిలేస్తే ఒప్పుకునేవారు కాదు. పచ్చబొట్టు ఏ చేతి మీద, ఏం బొమ్మ. మొలతాడు నల్లదా వెండిదా. చెవి కుట్టిన గుర్తు. చొక్కా కాలరు మీద దర్జీ పేరు. కాళ్ళకి మెట్టెలు ఎన్ని. మార్చురీలో పనిచేసే అతను చదువుకోలేదు, అతను చూసి చెబుతుంటే నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని రాసేదాన్ని. మొదటిరోజు బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. సార్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, "తేలు బొమ్మన్నావు. కుడిచెయ్యా ఎడమచెయ్యా రాయలేదు" అన్నారు.

ఆ తేలు బొమ్మ మనిషి కోసం ఏడాదిన్నర తర్వాత బరంపురం వైపు నుంచి ఒకతను వచ్చాడు. అన్నగారట. తమ్ముడు పనికని రైలెక్కి తిరిగి రాలేదు. ఎన్ని ఆసుపత్రులు తిరిగాడో. రిజిస్టరు తీశాం. కుడి ముంజేయి, తేలు, తోక పైకి. అతనికి తెలుగు అంతంతమాత్రం, చదవడం రాదు. ఆ వరస మీద వేలు పెట్టి, నేను చదువుతుంటే విన్నాడు. అస్థికలూ లేవు, బట్టలూ లేవు. ఆ పేజీ జెరాక్సు కావాలన్నాడు. తీసిచ్చాం. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సార్ 2000 జూన్ 30న రిటైరయ్యారు, యాభై ఎనిమిదేళ్ళకి. అసలు 1983లో ప్రభుత్వం ఆ వయసుని 58 నుంచి 55కి తగ్గించినప్పుడు తన పైవాళ్ళు రాత్రికి రాత్రి ఇళ్ళకి వెళ్ళిపోతే తనకి ప్రమోషను తొందరగా వచ్చిందని, అది వాళ్ళ నోటి దగ్గరి కూడు అని ఎప్పుడూ చెప్పుకునేవారు. తర్వాత 58 మళ్ళీ వచ్చింది లెండి.

రిటైరైన కొత్తలో ఒకావిడ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. భర్త ఆసుపత్రిలో పోయాడు. కేస్ షీటులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. రెండు పేర్లూ అతనివే, ఇంట్లో పిలిచేది ఒకటి, బళ్ళో రాయించింది ఒకటి. మరణ ధ్రువపత్రం లేనిదే వితంతు పింఛను రాదు. మున్సిపల్ ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలుగా తిరుగుతోంది. సార్ ఆవిడతో కలిసి వెళ్ళారు. వెళ్ళి చూస్తే అక్కడ అలాంటివాళ్ళు ముప్పై మంది ఉన్నారు. మర్నాడూ వెళ్ళారు. ఆ మర్నాడూ. అలా ఆఫీసు ఎదురుగా బాదంచెట్టు కింద ఇరవై ఏళ్ళు.

అట్ట, మూడు కలాలు, వేలిముద్రల ప్యాడు, వేలు తుడుచుకోడానికి పాత బనీను ముక్క. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నాటిది. దాని తెలుగు ముక్క ఆయనకి కంఠతా. పుట్టినా పోయినా ఇరవయ్యొక్క రోజుల్లో చెప్పాలి. చెప్పినవాళ్ళకి మొదటి కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఏడాది దాటిపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉచితం అన్న ముక్క ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు. అది చెప్పడమే ఆయన చేసిన పెద్ద నేరం. బ్రోకర్లు ఒకసారి ఆయన సైకిలు టైర్లు కోసేశారు. రాయగలిగిన వాళ్ళకి ఆయన అర్జీ రాసిచ్చేవారు కాదు. "అయిదో క్లాసు చదివావు, నువ్వే రాయి, తప్పులుంటే నేను చూస్తా." చాలామందికి కోపం వచ్చేది, ఈ ముసలాయన రాసిస్తే ఏం పోతుందని. రెండోసారి వచ్చినప్పుడు వాళ్ళే పక్కవాళ్ళకి రాసిచ్చేవారు.

ఒక క్లబ్బువాళ్ళు పిలిచి శాలువా కప్పారు. మైకు ఇచ్చారు, అది వాళ్ళు చేసిన పొరపాటు. "ఈ శాలువా మున్సిపల్ ఆఫీసులో మూడో నెంబరు సీటులో కూర్చునే గుమస్తాకి కప్పండి. ఆయన రోజూ తన పని చేస్తే నేను ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుంటాను" అన్నారు. తర్వాత ఆ క్లబ్బు నుంచి పిలుపు రాలేదు.

ఇల్లంటే గుర్తొచ్చింది. సభలో సార్ భార్యని, మా పిన్నిగారిని, ముందు వరసలో కూర్చోబెట్టారు. మాట్లాడమనలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే చెవిలో మెల్లిగా, "ముప్పై ఏడేళ్ళు ఆసుపత్రి, ఇరవై ఏళ్ళు చెట్టు. ఇంట్లో కూరగాయలు ఎవరు తెచ్చారో కూడా ఆ బేనర్లో రాయించాల్సింది" అన్నారు. నవ్వారు కూడా. ఆ నవ్వులో ఉన్నది వేళాకోళమో ఇంకోటో నేను తేల్చలేను. ఆవిడ మోకాలి ఆపరేషనప్పుడు కూడా ఆయన డిశ్చార్జి రోజే కనపడ్డారని ఊరందరికీ తెలుసు.

ఇక్కడ ఒకరు అడ్డం పడతారు. అదంతా కాగితాల కాలం, ఇప్పుడు కంప్యూటర్లొచ్చాయి, ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇక ఆ రకం మనుషులు ఎందుకు అని. ఆరోగ్యశ్రీనే తీసుకోండి. 2007లో మూడు జిల్లాల్లో మొదలైనప్పుడే ఆ పథకం ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషిని పెట్టింది. కార్డు చూసి, ఏ జబ్బు పథకంలోకి వస్తుందో చెప్పి, ఎటు వెళ్ళాలో చూపించడానికి. అంటే ఎంత కంప్యూటరున్నా, కౌంటరుకి బయటవైపు నిలబడి రోగి పక్షాన కాగితం చదివే ఒక మనిషి కావాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్య యాజమాన్యానికి విడిగా ఒక క్యాడర్ ఉండాలని రాసింది. రాయడం వరకూ బాగుంది. మా దగ్గర ఇప్పటికీ మంచి సర్జనుకి సీనియారిటీ రాగానే కత్తి లాక్కుని టెండర్ల ఫైలు చేతికిస్తున్నారు. అటు సర్జరీ పోయింది, ఇటు ఫైలూ పోయింది. ఆసుపత్రి నడపడమంటే ఒక విద్య, దానికి వేరే చదువుంది, ఆ చదువు చదివిన పిల్లలంతా కార్పొరేటు ఆసుపత్రుల్లో బిల్లింగు చూస్తున్నారు.

విద్య అని ఊరికే అనలేదు. 2021 మే, కోవిడ్ రెండో అల. నేను అప్పటికి వేరే జిల్లా ఆసుపత్రిలో ఆఫీసు సూపరింటెండెంటుని. సార్‌కి డెబ్బై తొమ్మిదో ఏడు, ఇంట్లోంచి కదలడానికి లేదు, చెట్టు కింద దుకాణం మూతపడింది. ఒకరాత్రి ఫోను. "అమ్మాయ్, సిలిండర్ల లెక్క ఎలా కడుతున్నారు?" ఎన్ని వచ్చాయి, ఎన్ని ఖాళీ అయ్యాయి అని కడుతున్నామన్నాను. "అది కిరాణాకొట్టు లెక్క. నిమిషాల్లో కట్టు" అన్నారు. పెద్ద సిలిండరులో సుమారు ఏడు వేల లీటర్లు. రోగికి నిమిషానికి పది లీటర్లు పెడితే పదకొండున్నర గంటలు, పదిహేను పెడితే ఎనిమిది గంటల లోపే. ప్రతి మంచానికీ ఎంత పెడుతున్నారో రాసుకుంటే, లారీ ఎన్నింటికి గేటు దాటాలో ముందురోజు సాయంత్రమే తెలుస్తుంది. 1990లలో ఆయన స్టోర్సులో గోడమీద సుద్దముక్కతో వేసి చూపించిన లెక్కే అది, నేను మర్చిపోయాను. ఆ రాత్రి తెల్లకాగితం మీద గళ్ళు గీసి వార్డు వార్డుకీ పంపాను. ఆ పదిహేను రోజుల్లో మా దగ్గర ఆక్సిజన్ అయిపోయి ఒక్కరూ పోలేదు. జబ్బు వల్ల పోయారు, చాలామంది పోయారు. దాని గురించి రాసే ఓపిక నాకింకా రాలేదు.

సభలో ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. చెబితే వినడానికి బాగోదు మరి. పండ్లూ రొట్టెలూ పంచారని చెప్పారు. ఆయన పండ్లు పంచడం నేనెప్పుడూ చూడలేదు. డైటు కాంట్రాక్టరు అరటిపళ్ళు తూకం తక్కువ తెస్తే బండి వెనక్కి పంపడం మాత్రం చూశాను.

నేను 2022లో వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాను. మోకాళ్ళు. మొన్న సభ అయిన వారానికి ఆ పాత ఆసుపత్రికే ఆర్థోకి చూపించుకోవడానికి వెళ్ళాను. కొత్త బ్లాకు, టైల్సు, ఏసీ. ఫోన్లో క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే టోకెను వస్తుంది. నా ముందున్న ముసలాయన దగ్గర బటన్ల ఫోనుంది, ఆయన్ని "అటు సైడు" అన్నారు. కౌంటరుకి అల్యూమినియం ఫ్రేము, నల్లద్దం, కింద ఒక గుండ్రటి కన్నం. లోపల అమ్మాయి కుర్చీలో కూర్చుంది, తలెత్తలేదు. నేను ఆ నొప్పి మోకాళ్ళ మీద వంగి, మెడ పక్కకి తిప్పి, పేరు అరిచాను.

మర్నాడు టేపు తీసుకెళ్ళి కొలిచాను. నేల నుంచి కన్నం దాకా రెండడుగుల పది అంగుళాలు. సెక్యూరిటీ అబ్బాయి ఏంటమ్మా అది అన్నాడు. కర్టెన్లకి అన్నాను.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు. కాగితం మీద కొలతలు, బొమ్మ, లోపలివాళ్ళకి ఎత్తు స్టూళ్ళు, కాలిపీటల సంగతి కూడా రాసి తీసుకెళ్ళాను. నమోదు చేసుకునే కుర్రాడు మర్యాదస్తుడు. చదివి, "మీరు ఏ సంస్థ తరఫునమ్మా? సంఘసేవకురాలు అని వేయనా?" అన్నాడు.

వద్దు బాబూ, పేషెంటు అని వేయి అన్నాను.